విదుషీమణి క్లారా షూమన్

లోకమునందు విద్య రెండు విధములుగా మనుష్యునకు తోడ్పడుచుండును. కొందఱికి అది అలంకారము. సభలో మెడనిండ ధరించి, ఇల్లు చేరిన పిమ్మట పెట్టెలో దాచుకొను హారము వంటిది. మఱికొందఱికి అది కాడి. ఆ కాడిని భుజమున నెత్తుకొని, ఎండ యనక, వాన యనక సంసారమను బండిని లాగవలసినదే. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండమునందలి మేటి పియానో విద్వాంసులలో నొకరుగా పేరొందిన క్లారా షూమన్ జీవితమునందు ఈ రెండును కనబడును. తొమ్మిదవ యేట సభకెక్కినప్పుడు ఆమె విద్య తండ్రికి అలంకారము. ముప్పది నాలుగవ యేట భర్త మతి చలించి చికిత్సాలయమును చేరినప్పుడు ఆ విద్యయే ఏడుగురు బిడ్డల నోటికి అన్నమయ్యెను. ఆమె వాద్యప్రతిభను గూర్చి అనేకులు వ్రాసియున్నారు. ఆ ప్రతిభ మోసిన బరువును గూర్చి తెలిసికొనినప్పుడే ఆమె గొప్పతనము మనకు పూర్తిగా బోధపడును.

ముందుగా వాద్యమును గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. పియానో యనునది పాశ్చాత్యుల తంత్రీవాద్యములలో మిక్కిలి పెద్దది. మన నాటక సమాజముల హార్మోనియమునకు వలెనే దీనికిని తెల్లనివియు నల్లనివియు మెట్లు వరుసగా నుండును. హార్మోనియమునందు గాలి వలన నాదము పుట్టును; పియానోలో మెట్టు నొక్కగానే లోపలనున్న చిన్న సుత్తి లేచి బిగించిన తీగెను కొట్టును. వ్రేలి బరువును బట్టి నాదము మెల్లగా గాని గట్టిగా గాని పలుకును. రెండు చేతుల పది వ్రేళ్లును ఏకకాలమున వేఱువేఱు పనులు చేయవలసియుండుటచే ఈ వాద్యమునందు పాండిత్యము కలుగుటకు బాల్యము నుండియు కఠోరమైన సాధన కావలెను.

బాల్యము - శిక్షణ

క్లారా 1819వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన జర్మనుల సాక్సనీ రాజ్యమునందలి లైప్‌జిగ్ నగరమున జన్మించెను. తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ పియానో నేర్పు గురువు. పియానోలను అమ్ముటయు, స్వరలిపి గ్రంథములను చందాదారులకు అద్దెకిచ్చు గ్రంథాలయమును నడపుటయు ఆయన వృత్తులు. అందుచే ఆ బాలిక పుస్తకములు వచ్చుచు పోవుచునుండు ఇంట పెరిగెను. తల్లి మరియానె మంచి గాయని, పియానో వాదకురాలు. దంపతుల నడుమ పొత్తు కుదరక, క్లారాకు అయిదేండ్లు నిండిన కాలమున వారు విడిపోయిరి. ఆనాటి చట్టము ననుసరించి బిడ్డ తండ్రి పాలబడెను. తల్లి వేఱొక సంగీతోపాధ్యాయుని వివాహమాడి బెర్లిన్ నగరమునకు పోయెను.

నాలుగేండ్లు దాటువఱకును ఈ బాలిక సరిగా మాటలాడలేదు. చెవులు వినబడవేమో యని ఇంటివారు సందేహించిరి. ఇట్టి బిడ్డకు మాటల కంటె ముందుగా స్వరములు పట్టువడెను. వీక్ తన కుమార్తెను గొప్ప విద్వాంసురాలిగా తీర్చిదిద్దవలెనని సంకల్పించి, దినమునకు ఒక గంట పాఠమును, రెండు గంటల సాధనమును నియమించెను. ఆరోగ్యము కొఱకు ప్రతి దినమును దూరము నడిపించెడివాడు. గానము, వయొలిన్, స్వరరచనాశాస్త్రము, పరభాషలు వేఱువేఱు గురువుల వలన నేర్పించెను. పాఠశాలలో ఆమె చదివినది స్వల్పకాలము మాత్రమే.

వీక్ నేర్పరియైన గురువు. వ్రేళ్ల వేగము కన్న నాదమాధుర్యము ముఖ్యమని బోధించి, శిష్యుల చేతులను బలవంతముగా బిగబట్టనీయక సహజముగా నాడించువాడు. కాని ఆయనకు కుమార్తె వేఱు, తన కీర్తి వేఱు అను భేదము తెలియదు. ఆమెకు ఏడేండ్లు నిండియుండగా ఒక దినచర్య పుస్తకమును ప్రారంభించి, బాలిక తానే వ్రాసికొనుచున్నట్లు ఉత్తమపురుషయందు ఆయనయే వ్రాయుచుండెను. ఏ కచేరీకి ఎంత రాబడి, ఏ గురువుకు ఎంత జీతము, ఏ దినమున బిడ్డ మొండితనము చేసెను - అన్నియు ఆ పుస్తకమున చేరెను. తన మనసులోని మాటను సైతము తండ్రి చేతివ్రాతలో చదువుకొనవలసిన స్థితి ఆ బాలికకు చాలకాలము తప్పలేదు.

1828 అక్టోబరు 20వ తేదీన, తొమ్మిదేండ్ల వయసున, ఆమె లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ సభయందు మఱొకరి కచేరీలో జంటవాద్యము వాయించెను. పూర్వము వస్త్రవర్తకుల భవనమగుటచే ఆ మందిరమునకు ఆ పేరు వచ్చినది. 1830 నవంబరు 8వ తేదీన అదే మందిరమున తన పేరిట మొదటి కచేరి చేసెను. 1831లో తండ్రితో కూడ పారిస్ నగరమునకు బయలుదేరి, దారిలో వైమార్‌నందు వృద్ధ మహాకవి గెథే ఎదుట వాయించి, ఆయన చేతిమీదుగా పతకమును పొందెను. పారిస్ చేరిన తరువాత అచట కలరా వ్యాపించి ధనికులు ఊరు విడిచి పోవుటచే, తలపెట్టిన కచేరి చిన్న మందిరములో కొద్దిమంది యెదుట జరిగెను. దూరదేశయాత్రలలోని సాధకబాధకములను ఆమె పండ్రెండవ యేటనే తెలిసికొనెను.

ఆమె వాయించుటయే గాక రచనయు చేసెను. పియానోయును వాద్యబృందమును కలసి వాయించు కంచెర్టో యను బృహద్రచన నొకదానిని కూర్చి, 1835 నవంబరు 9వ తేదీన సుప్రసిద్ధుడైన మెండెల్సన్ నిర్వహణమున గెవాండ్‌హౌస్‌లో తానే వాయించెను. అప్పటికి ఆమె వయసు పదునారేండ్లు.

1837-38 శీతకాలమున వియన్నా నగరమందు జరిగిన కచేరీలు ఆమె కీర్తిని శిఖరమున నిలిపినవి. మహాకవి గ్రిల్‌పార్ట్‌సర్ ఆమె బీథోవెన్ రచన వాయించిన తీరును విని కవిత చెప్పెను. అచటి భోజనశాలలలో ఆమె యింటిపేరుతో ఒక పిండివంట సైతము వెలసినది. ఆస్ట్రియా చక్రవర్తి 1838 మార్చిలో ఆమెకు ఆస్థాన విదుషీ పదవి నొసగెను. విదేశీయురాలును, పదునెనిమిదేండ్ల కన్యయు నగు ఆమెకు ఆ గౌరవము లభించుట అపూర్వము.

స్వరలిపి పుస్తకమును ఎదుట నుంచుకొనక, జ్ఞాపకశక్తి మీదనే రచనలను వాయించు పద్ధతిని ఐరోపా సభలలో నెలకొల్పిన తొలి విద్వాంసులలో ఆమె యొకతె. మన విద్వాంసులకు ఇది నిత్యమైన ఆచారమే. కాని ఆ దేశమున ఆ కాలమందు పుస్తకము లేకుండ కూర్చుండుట అహంకారమని కొందఱు ఆమెను నిందించిరి. కొన్నాళ్లకు అదియే అందఱకును సంప్రదాయమయ్యెను.

వివాహము - వ్యాజ్యము

1828లో రాబర్ట్ షూమన్ అను యువకుడు వీక్ వద్ద శిష్యుడుగా చేరి, 1830లో ఆయన యింటనే బస చేసెను. ఆయన 1810లో త్స్వికావ్ పట్టణమున జన్మించినవాడు. న్యాయశాస్త్రమును విడిచి పియానో విద్వాంసుడు కాదలచినవాడు. కాని కుడిచేతి వ్రేలు చెడిపోవుటచే ఆ యాశ నశించి, సంగీత రచనయందును పత్రికా నిర్వహణమందును మనసు నిలిపెను. 1834లో ఆయన స్థాపించిన సంగీత పత్రిక మిక్కిలి పేరు గాంచినది. తన వ్రేళ్లకు సాధ్యము గాని దానిని ఆయన కాగితముపై పెట్టెను. దానిని వినిపించు వ్రేళ్లు గురువు కుమార్తెకు కలవు. వీరి స్నేహము క్రమముగా ప్రేమగా మాఱి, 1837 ఆగస్టు 14వ తేదీన ఇరువురును రహస్యముగా వివాహనిశ్చయము చేసికొనిరి.

వీక్ అగ్నిహోత్రుడయ్యెను. స్థిరమైన రాబడి లేని రచయితకు తన బిడ్డ నీయనని పట్టుపట్టెను. ఆయన భయమునందు కొంత న్యాయము లేకపోలేదు. కాని పదునైదేండ్లు శ్రమపడి తీర్చిన విద్వాంసురాలు చేయి జాఱిపోవుచున్నదను బాధయే అందు హెచ్చుగా నుండెను. ఆమె కచేరీలవలన వచ్చిన ఆర్జనను తమ్ములకు వదలవలెననియు, ఆమె వాద్యమును వస్తువులను సొమ్ము చెల్లించి తీసికొనవలెననియు ఆయన షరతులు పెట్టెను. ఆమె చిన్ననాటి నుండి వ్రేళ్లతో సంపాదించినది తండ్రి పెట్టెలోనే నిలిచిపోయెను.

1839లో తండ్రి తోడు లేకయే పారిస్ నగరమునకు పోయి, కచేరీలను స్వయముగా కుదుర్చుకొని, క్లారా తన శక్తిని తాను తెలిసికొనెను. ఆ వేసవిలో ఇరువురును తండ్రి సమ్మతికి బదులుగా న్యాయస్థానపు అనుమతి కోరుచు అర్జీ పెట్టుకొనిరి. పుట్టినింటి తలుపు మూయబడుటచే, ఆమె బెర్లిన్‌లో కన్నతల్లి పంచను చేరెను. బాల్యమున దూరమైన తల్లి ఈ కష్టకాలమున అక్కున చేర్చుకొని వివాహమునకు తన సమ్మతి వ్రాసి యిచ్చెను. వీక్ మాత్రము న్యాయస్థానమున కాబోవు అల్లుడు త్రాగుబోతని నిందించెను. ఊరూర ఆయనను దూషించు పత్రములను పంచిపెట్టెను. నిందను ఋజువు చేయలేకపోయెను. 1840 ఆగస్టు 1వ తేదీన న్యాయస్థానము వివాహమున కనుమతించెను. సెప్టెంబరు 12వ తేదీన లైప్‌జిగ్ చెంతనున్న షోనెఫెల్డ్ గ్రామపు దేవాలయమున వివాహము జరిగెను. మఱునాడే ఆమెకు ఇరువదియొక్క యేండ్లు నిండి, చట్టరీత్యా స్వతంత్రత వచ్చియుండెడిది. ఆ యొక్క దినము ముందుగా వివాహము జరుగుట న్యాయస్థానమున గెలిచిన హక్కును నిలుపుకొనుట వంటిది. దూషణ నేరమునకు వీక్‌కు పదునెనిమిది దినముల కారాగారశిక్ష పడెను. తండ్రీకుమార్తెలు 1843లో మఱల మాటలాడుకొనిరి గాని, పూర్వపు చనువు తిరిగి రాలేదు.

సంసారము

వివాహము జరిగిన 1840వ సంవత్సరముననే రాబర్ట్ షూమన్ నూటికి పైగా గీతములకు సంగీతము కూర్చెను. దంపతులిరువురును కలసి ఒకే దినచర్య పుస్తకము వ్రాసికొనిరి. తండ్రి వ్రాసిపెట్టిన పుస్తకము పోయి, ఈ పుస్తకమున ఆమె తన మాట తాను వ్రాసెను. అన్యోన్యత యెంతయుండినను ఇంటిలో ఒక చిక్కు వచ్చిపడెను. భర్తకు రచన చేయుటకు నిశ్శబ్దము కావలెను. భార్యకు సాధన చేయుటకు వాద్యము మ్రోగవలెను. గోడలు పలుచన. ఇరువురిలో నొకరు ఊరకుండక తప్పదు. ఊరకుండినది ఆమెయే. భర్త బయటికి పోయినప్పుడు, సాయంకాలపు అరగంటలలో, దొరికిన వ్యవధిలో ఆమె వ్రేళ్లకు పదును పెట్టుకొనెను.

1841 మొదలు 1854 వఱకు ఆమెకు ఎనమండుగురు బిడ్డలు కలిగిరి. మరీ, ఎలీజె, యూలీ, ఎమీల్, లూడ్విగ్, ఫెర్డినాండ్, ఒయిగెనీ, ఫేలిక్స్ అని వారి పేర్లు. ఎమీల్ పసితనముననే గతించెను. గర్భము ధరించియు, పాలిచ్చుచును ఆమె కచేరీలు మానలేదు. ఏలయన రచనల వలన వచ్చు రాబడి ఇంటి వ్యయమునకు చాలకుండెను. 1844లో దంపతులు రష్యా దేశమునకు పోయిరి. మంచుదారుల ప్రయాణమున భర్త జబ్బుపడెను. ఆమె మాత్రము మాస్కో, సెంట్ పీటర్స్‌బర్గ్ నగరములందు వాయించి, రాజప్రాసాదమున రాణి మెప్పును ధనమును పొందెను. విందులలో అందఱును ఆమెను చుట్టుముట్టి, మహారచయితయైన భర్తను గుర్తింపకుండుట ఇరువురకును బాధాకరమయ్యెను.

ఆ సంవత్సరపు చివర వారు డ్రెస్డెన్ నగరమునకు మాఱిరి. 1845 డిసెంబరు 4వ తేదీన భర్త రచించిన ఏ మైనర్ పియానో కంచెర్టోను ఆమె అచట మొదటిసారి వాయించెను. నేటికిని ప్రపంచమున ఎక్కువగా వాయింపబడు రచనలలో నది యొకటి. మఱుసంవత్సరము ఆమె పియానో, వయొలిన్, చెల్లో వాద్యములకు కూర్చిన త్రయము ఆమె రచనలలో ఉత్తమమైనదని చెప్పుదురు.

1849 మే నెలలో డ్రెస్డెన్‌నందు ప్రజలు రాజుపై తిరుగుబాటు చేసిరి. వీథులలో అడ్డుగోడలు లేచినవి. పోరాడుటకు మగవారిని తోడుకొనిపోవుచు తిరుగుబాటుదారులు షూమన్ ఇంటి తలుపు తట్టిరి. భర్త మనసు అప్పటికే దుర్బలము. ఆయన ఇంట లేడని బొంకి, పెద్ద కుమార్తెను వెంటబెట్టుకొని, పెరటి త్రోవను భర్తతో కూడ ఆమె ఊరు దాటి మాక్సెన్ గ్రామము చేరెను. మిగిలిన బిడ్డలు పనికత్తెతో పట్టణముననే యుండిపోయిరి. రెండు దినముల పిదప, ఏడవ నెల గర్భిణియగు క్లారా తెల్లవాఱక మునుపే మఱొక స్త్రీని తోడు తీసికొని, ఆయుధధారులు సంచరించు పొలముల మీదుగా నడచి, తుపాకుల మ్రోత నడుమ ఇల్లు చేరెను. నిద్రించుచున్న బిడ్డలను లేపి, బట్టలు మూటగట్టి, మఱల అదే దారిని వారిని గ్రామమునకు చేర్చెను. సభలలో సుకుమారములని పొగడబడిన ఆ చేతులకు గల బలము ఆ రాత్రి తెలిసినది.

విపత్తు

1850లో భర్తకు డ్యుసెల్‌డార్ఫ్ నగరమున వాద్యబృంద నిర్వాహక పదవి లభింపగా కుటుంబము అచటికి మాఱెను. 1853 సెప్టెంబరు చివర ఇరువదియేండ్ల యువకుడొకడు వారి తలుపు తట్టెను. అతడే యోహానెస్ బ్రామ్స్. అతని రచనలను విని దంపతులు ఆశ్చర్యపడిరి. రాబర్ట్ తన పత్రికయందు అతనిని లోకమునకు పరిచయము చేసెను. ఆ శరత్కాలమే వారి సంసారమున కడపటి మంచికాలము.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ షూమన్ చెవులలో ఒకే స్వరము రాత్రింబవళ్లు మ్రోగసాగెను. పిమ్మట దేవతలు పాడుచున్నట్లును, భూతములు అఱచుచున్నట్లును తోచెను. 27వ తేదీన ఆయన వానలో ఇల్లు వెడలి రైన్ నదిలో దుమికెను. పడవవారు రక్షించిరి. మార్చి 4వ తేదీన ఆయనను బాన్ చెంత ఎండెనిఖ్ గ్రామమునందలి చికిత్సాలయమునకు గొనిపోయిరి. భార్యను చూచినచో రోగికి ఉద్రేకము కలుగునని వైద్యులు ఆమెను రానీయలేదు. అప్పుడామె గర్భవతి. జూన్ 11వ తేదీన చివరి బిడ్డ ఫేలిక్స్ తండ్రి కన్నులయెదుట లేకుండగనే పుట్టెను.

ఇంట ఏడుగురు బిడ్డలు. చికిత్సాలయమునకు వ్యయము. రాబడి లేదు. ఆమె సహాయార్థము కచేరి జరిపింతుమని మిత్రులు ముందుకు వచ్చిరి. ఆమె సమ్మతింపలేదు. తన చేతులు పనిచేయుచుండగా బిడ్డల పేరిట చందాలు వసూలు చేయింపనని నిశ్చయించుకొనెను. ఆ శరత్కాలముననే, నాలుగు నెలల పసివానిని దాదుల కప్పగించి, ఆమె ఊరూర కచేరీలకు బయలుదేరెను. బ్రామ్స్ ఆ యింటనుండి పిల్లలను కనిపెట్టుచు, గృహవ్యయపు పద్దుపుస్తకమున లెక్కలు వ్రాసెను. తరువాతి కాలమున జగద్విఖ్యాతుడైన ఆ సంగీతకర్త యౌవనమున ఒక పేదయింటి జమాఖర్చులు వ్రాసి ఋణము తీర్చుకొనుట గమనింపదగినది. వారి స్నేహము మరణపర్యంతము చెడలేదు.

1856లో ఆమె మొదటిసారి ఇంగ్లండునకు పోయి వాయించుచుండగా భర్త స్థితి విషమించెను. తిరిగివచ్చి, జూలై 27వ తేదీన, రెండేండ్ల అయిదు నెలల అనంతరము ఆమె ఆయనను చూచెను. ఆయన గుర్తించి, కష్టముమీద చేయి చాచి ఆమెను కౌగిలించుకొనెను. ఎవరు పెట్టినను ఆహారము ముట్టని రోగి ఆమె వ్రేళ్లనుండి కొంచెము ద్రాక్షాసవము పుచ్చుకొనెను. 29వ తేదీన ఆయన గతించెను. ఆమె వయసు ముప్పదియాఱు.

ఒంటరి ప్రయాణము

అప్పటినుండి సుమారు ముప్పదియైదేండ్లు ఆమె నల్లని దుస్తులు ధరించి ఐరోపా సభలలో వాయించెను. ఇంగ్లండునకే పందొమ్మిది పర్యాయములు పోయెను. మందిరము అద్దెకు తీసికొనుట, పియానో తెప్పించుట, ప్రకటనలు అచ్చువేయించుట, టిక్కెట్లు అమ్మించుట, దీపములకు సొమ్ము చెల్లించుట మొదలగు పనులను ఆమె బహుకాలము తానే చక్కబెట్టుకొనెను. శీతకాలము ప్రయాణములు, వేసవి బిడ్డలతో నివాసము. తొమ్మిదవ యేటి మొదటి కచేరి మొదలు కడపటి దాని వఱకు ప్రతి కార్యక్రమపత్రమును ఆమె భద్రపఱచెను. అట్టి పత్రములు 1300కు పైగా నేటికిని నిలిచియున్నవి. ఒక విద్వాంసుని వృత్తికి ఇంత సమగ్రమైన దాఖలా దొరకుట అరుదు.

ఆ పత్రములు ఆమె చేసిన మఱొక మేలును కూడ చెప్పుచున్నవి. ఆమె బాల్యమున కచేరీలలో వ్రేళ్ల వేగమును ప్రదర్శించు తేలిక రచనలే ఎక్కువ. ఆమె క్రమక్రమముగా వానిని తొలగించి, బాఖ్, బీథోవెన్, షూబర్ట్, షోపన్, మెండెల్సన్ ల గంభీర రచనలకు స్థానము కల్పించెను. ప్రతి కచేరీలోను భర్త రచన నొకదానినైన వాయించుట ఆమెకు వ్రతము. మొదట జనులు అవి కఠినములనిరి; వినగా వినగా రుచి తెలిసికొనిరి. వాదకుడు రచయితకు సేవకుడే గాని, రచన వాదకుని ప్రదర్శనమునకు సాధనము కాదని ఆమె మతము.

ఈ విజయమునకు ఆమె చెల్లించిన వెలయు తక్కువది కాదు. బిడ్డలు చెదరి, కొందఱు వసతిగృహములలోను, కొందఱు బంధువుల యిండ్లలోను పెరిగిరి. తల్లి ఉత్తరములలో ఎక్కువగాను, ఎదుట తక్కువగాను ఉండెను. లూడ్విగ్ మతి చలించి 1870లో చికిత్సాలయమున చేర్పబడి తిరిగి రాలేదు. యూలీ 1872లో గతించెను. కవితాశక్తి గల ఫేలిక్స్ క్షయవ్యాధిచే 1879లో ఇరువదినాలుగేండ్లకే మరణించెను. ఫెర్డినాండ్ 1870-71 యుద్ధమున సైనికుడై, వాతరోగము తెచ్చుకొని, నొప్పికి వాడిన మందునకు బానిసయై 1891లో గతించెను. అతని బిడ్డల పోషణభారమును డెబ్బదియేండ్లు దాటిన ఆ వృద్ధురాలే వహించెను.

రచనయును ఆగిపోయెను. తాను రచనకు తగుదునా యను సందేహము ఆమెను యౌవనమునుండియు బాధించెను. స్త్రీలు రచన చేయుట ఆ కాలపు లోకము మెచ్చినది కాదు. 1853 వఱకు ఇరువదికి పైగా సంపుటములను వెలువరించిన ఆమె, వైధవ్యము తరువాత రచనను దాదాపు విడిచిపెట్టెను. బండి లాగువానికి త్రోవ ప్రక్క పూలు కోయుటకు తీరిక యెక్కడిది? పిమ్మటివారు ఆ త్రయమును, ఆ కంచెర్టోను మఱల వెలికి తీసి వాయించునప్పుడు, ఎంతటి రచయిత్రి మధ్యలో నిలిచిపోయెనో యని చింతింపక మానరు.

గురుస్థానము - తుది దినములు

1878లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున నూతనముగా స్థాపింపబడిన హోఖ్ సంగీత విద్యాలయమునకు ఆమె ప్రధాన పియానో ఆచార్యురాలయ్యెను. కుమార్తెలు మరీ, ఒయిగెనీ ఆమెకు సహాయకులైరి. దూరదేశముల నుండి, ముఖ్యముగా ఇంగ్లండు నుండి శిష్యులు వచ్చిరి. ఫానీ డేవీస్, ఆడెలీనా ద లారా మొదలగువారు వారిలో పేరొందినవారు. చిన్ననాడు తండ్రి చెప్పిన నాదమాధుర్యపు పాఠమునే ఆమె శిష్యులకు చెప్పెను. తండ్రితో న్యాయస్థానమెక్కినను గురువుగా ఆయన యిచ్చిన దానిని ఆమె కాదనలేదు. ఆమె వాద్యము ధ్వనిముద్రణమునకు ఎక్కలేదు. శిష్యుల ముద్రణముల వలన మాత్రమే ఆ బాణి కొంత ఊహింపనగును.

భర్త సమగ్ర రచనలను 1881 మొదలు 1893 వఱకు ఆమె పేరిట సంపాదకత్వమున లైప్‌జిగ్ ప్రకాశకులు వెలువరించిరి. ఇందు ఆమె తీర్పు అందఱకును సమ్మతము కాలేదు. భర్త కడపటి దినముల రచనలు కొన్ని ఆయన కీర్తికి తగవని తలచి ఆమె ప్రకటింపలేదు, కొన్నింటిని దహించెను. ఆమె ఆపివేసిన వయొలిన్ కంచెర్టో 1937లో మొదటిసారి సభలో వినబడెను. రక్షించు చేయియే మఱుగుపఱచుట మానవస్వభావములోని చిత్రము. కాని ఆ చేయి లేనిచో రాబర్ట్ షూమన్ రచనలు ఇంత త్వరగా లోకమునకు చేరియుండెడివి కావు.

చేతినొప్పియు, వినికిడి తగ్గుటయు ఆమెను వార్ధక్యమున బాధించినవి. 1891 మార్చి 12వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్రామ్స్ రచనను జంట పియానోలపై వాయించుటతో ఆమె సభాజీవితము ముగిసెను. తొమ్మిదవ యేట జంటవాద్యముతోనే ప్రారంభమైన సభాజీవితము డెబ్బదియొకటవ యేట జంటవాద్యముతోనే సమాప్తమయ్యెను. 1892లో విద్యాలయమును విడిచెను. 1896 మార్చిలో పక్షవాతము తగిలెను. రోగశయ్యపై నుండి మనుమని పిలిచి తాత రచనలను వాయింపించుకొని వినెను. మే 20వ తేదీన ఆమె తనువు చాలించెను. ఆమె దేహమును బాన్ నగరమున భర్త సమాధి ప్రక్కనే ఉంచిరి. బ్రామ్స్ దూరమునుండి అలసి వచ్చి ఆమెకు తుది వీడ్కోలు చెప్పి, మఱుసంవత్సరమే తానును గతించెను.

కొంతకాలమునకు జర్మనీ దేశము ఆమెను తన నాణెములలోనికి ఎక్కించుకొనెను. 1990లో వెలువడిన నూఱు మార్కుల నోటుపై ఒకవైపు ఆమె ముఖమును, మఱొకవైపు పియానోను ముద్రించిరి. 2002లో యూరో నాణెము వచ్చువఱకు ఆ నోటు చెలామణియయ్యెను. తన ఆర్జనను తండ్రి పెట్టెనుండి తెచ్చుకొనలేకపోయిన బాలిక, చందా సొమ్ము ముట్టనన్న తల్లి, ఒక దేశపు సొమ్ముపైననే నిలుచుట కాలము చెల్లించిన ఋణము వంటిది.

మన సావిత్రి యముని వెంబడించి భర్త ప్రాణమును మఱల తెచ్చుకొనెను. క్లారాకు ఆ భాగ్యము లేకపోయెను. ప్రాణము దక్కలేదు గాని, నలుబదియేండ్లు ఊరూర తిరిగి, విననొల్లని చెవులకు వినిపించి, భర్త కీర్తిని ఆమె మృత్యువు చేతినుండి తెచ్చుకొనెను. ఆ నడకలో బిడ్డలకు అన్నము పెట్టెను. తాను మాత్రము రచయిత్రిగా మిగులలేకపోయెను. లాభమును నష్టమును రెండు ప్రక్కల వ్రాసి చూచినప్పుడే ఒక జీవితపు పద్దు సరిగా తేలును. విద్య మనుష్యుని చేయి విడువదని పెద్దలు చెప్పుదురు. మనుష్యుడును విద్య చేయి విడువకుండవలెనని క్లారా షూమన్ జీవితము చెప్పుచున్నది.